రహస్యం దాచడం గురించి గుణుపురం అమ్మాయికి

పర్లాకిమిడి

అమ్మా,

నీ ఉత్తరం, దాంతోపాటు కార్టూన్ సీరియల్ మొదటి మూడు ఎపిసోడ్ల స్క్రిప్టూ అందాయి. చిన్న రైలును కథలోకి తేవడం నాకు చాలా నచ్చింది. 1900లో నౌపడా నుంచి మా పర్లాకిమిడికి వచ్చి, 1931 నాటికి మీ ఊరు చేరి, 2004లో ఆగిపోయిన బండి అది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. ఇప్పుడు ఆ దారిలో పెద్ద రైలే నడుస్తోంది. అయినా టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ అని నువ్వు వరసపెట్టి రాస్తుంటే, ఆంధ్రాలో బయల్దేరి ఒడిశాలో ఆగే ఆ దారంతా కళ్లకు కట్టింది. తాతగారు ఆ బండికి గార్డు. ఆయన పోయాక ట్రంకుపెట్టె తాళంచెవి కనిపించదు. అదెక్కడుందో చెప్పే చీటీలు ఇల్లంతా ఉన్నాయి, మనవరాలు వెతకాలి. ముడి గట్టిది. నీకు కథ కట్టడం వచ్చు.

ఇక నా అభ్యంతరాలు చెప్తాను.

రెండో ఎపిసోడ్‌లో చీటీ మీద అంకెలున్నాయి. వాటిని విప్పితే గానీ మనవరాలు బావి దగ్గరికి ఎందుకు పరిగెత్తిందో తెలీదు. చూసేవాళ్లలో చాలామంది విప్పరమ్మా. ఎనిమిదేళ్ల గుంట కంచం ముందు పెట్టుకుని చూస్తుంటుంది, పక్కన తమ్ముడు ఏడుస్తుంటాడు, మధ్యలో కరెంటు పోతుంది. ఆ పిల్లకు కథ ఒకచోట తెగిందంటే మళ్లీ నీ దగ్గరికి రాదు. రహస్యలిపి విప్పని పిల్లకు కూడా కథ పూర్తిగా అందాలి. విప్పిన పిల్లకు దానిమీద ఇంకొంచెం దక్కాలి. ఈ ఉత్తరంలో ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

నువ్వు మళ్లీ మళ్లీ చూశానన్న గ్రావిటీ ఫాల్స్‌నే తీసుకో. అలెక్స్ హిర్ష్ సృష్టించిన ఆ కార్టూన్ సీరియల్ 2012 జూన్ నుంచి 2016 ఫిబ్రవరి దాకా డిస్నీ చానెల్లో, తరవాత డిస్నీ ఎక్స్‌డీలో వచ్చింది, మొత్తం 40 ఎపిసోడ్లు. ఎపిసోడ్ చివర పేర్లు పడేటప్పుడు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరస ఒకటి కనిపిస్తుంది. మొదటి ఎపిసోడ్‌ది విప్పితే ఏముంది? గ్రావిటీ ఫాల్స్‌కు స్వాగతం అని ఉంది. చదవకపోతే పోయేదేమీ లేదు. చదివిన పిల్లకు మాత్రం ఆ ఊరివాళ్లు తనను ప్రత్యేకంగా పేరుపెట్టి పిలిచినట్టుంటుంది. విప్పే కిటుకును కూడా వాళ్లు తమ దగ్గరే ఉంచుకోలేదు. టైటిల్ సంగీతం చివర ఒక గుసగుస వినిపిస్తుంది. దాన్ని తిరగేసి వింటే ‘మూడక్షరాలు వెనక్కి’ అంటుంది. అంటే డి ఉన్నచోట ఏ, ఇ ఉన్నచోట బి అని చదువుకోవాలి. పిల్లలు దానికి అలవాటు పడ్డాక పద్ధతి మార్చారు. ఒకసారి అక్షరమాలను తలకిందులు చేశారు, తరవాత అక్షరాలకు అంకెలిచ్చారు. రెండో సీజన్‌కు వచ్చేసరికి లిపి విప్పడానికి ఒక మాట కావాలి, ఆ మాట ఎపిసోడ్ బొమ్మల్లోనే ఎక్కడో రాసి ఉంటుంది. ఇలా మెల్లమెల్లగా ఎక్కించారు. నువ్వేమో మొదటి ఎపిసోడ్‌లోనే మూడు పద్ధతులూ కలిపేశావు.

అసలు రహస్యం ఆ అక్షరాల్లో లేదని కూడా గమనించు. డిప్పర్, మేబుల్ అనే కవల పిల్లలు సెలవులకు తాత వరసయ్యే స్టాన్ ఇంటికి వస్తారు. డిప్పర్‌కు అడవిలో దొరికిన పుస్తకం అట్ట మీద ఆరువేళ్ల చెయ్యి ఉంటుంది. దాన్ని రాసిందెవరు? స్టాన్‌కు ఒక కవల సోదరుడున్నాడని, రాసింది అతనేనని 2015 మార్చిలో గానీ తేలలేదు. కానీ మొదటి ఎపిసోడ్ చివర్లోనే, ఎవరూ లేని సమయం చూసి, స్టాన్ తినుబండారాల మెషీన్ వెనకున్న దారిలో లోపలికి వెళ్లిపోతాడు. డిప్పర్‌కు తెలీదు, మేబుల్‌కు తెలీదు, చూస్తున్న పిల్లకు తెలుసు. అప్పటినుంచి స్టాన్ ఏ జోకు వేసినా ఆ పిల్ల ఆయన మొహం వంక అనుమానంగా చూస్తూనే ఉంటుంది.

మన గంజాం ఊళ్లలో రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకం బలం కూడా ఇక్కడే ఉంది. స్తంభంలో ఎవరున్నారో ముందు వరసలో కూర్చున్న పసిపిల్లకు తెలుసు, హిరణ్యకశిపుడికి తెలీదు. ఆయన మీసం మెలేసి తిరుగుతుంటే, ఈయనకు ఎప్పుడు తెలుస్తుందా అని ఆ పిల్ల నిద్ర ఆపుకుని కూర్చుంటుంది. నీ మూడు ఎపిసోడ్లలో మనవరాలి కంటే ముందు ప్రేక్షకులకు తెలిసిన సంగతి ఒక్కటీ లేదు. ఒకటి పెట్టు. వీలైతే మొదటి ఎపిసోడ్‌లోనే పెట్టు.

హిర్ష్ చేసిన పని ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. చూసేవాళ్లు జవాబు ముందే పసిగట్టారని, పుస్తకం రాసింది వేరొకరన్నట్టు ఒక దొంగబొమ్మ తయారుచేసి, అది పొరపాటున బయటపడినట్టు నమ్మించాడు. సరదాకే చేశాడు, తరవాత తనే చెప్పేశాడు. అయినా సరే, తికమక పెట్టేదంతా కథ లోపలే పెట్టు. కథ బయట రచయితగా నువ్వు చెప్పే మాటను పిల్లలు నమ్మగలగాలి.

ఇక నీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను బాధపెట్టింది. గుప్త సందేశాలు మన దగ్గర లేవు, ఇంగ్లిష్ నుంచి తెచ్చుకోవాల్సిందే అని రాశావు. సంగీతం నేర్చుకునే పిల్లలంతా సరళీ స్వరాలు మాయామాళవగౌళలోనే మొదలుపెడతారు కదా. అక్షరానికి ఒక అంకె ఇచ్చే కటపయాది లెక్కలో, ఆ పేరు మొదటి రెండక్షరాల్లో మ అంటే 5, య అంటే 1. తిరగేస్తే 15. మేళకర్తలనే 72 మూలరాగాల వరసలో ఆ రాగం 15వది. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, అది 29వది. అంకె పేరులోనే ఉంది, ఆ సంగతి తెలీకుండా జీవితమంతా హాయిగా పాడుకోవచ్చు. 16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఒక పద్యం రాశాడు. అది ముందునుంచి చదివితే తెలుగు, వెనకనుంచి చదివితే సంస్కృతం. తిరగేసిన గుసగుసకు ఆశ్చర్యపోయిన దానివి, ఆ పద్యం ముందు కూర్చుంటే ఏమైపోతావో! అంతదాకా ఎందుకు, అక్షరం అక్షరానికీ ముందు ‘క’ చేర్చి, పెద్దవాళ్లకు అర్థం కాకుండా మాట్లాడుకోని పిల్లలు ఉన్నారా?

అందుకని రోమన్ అక్షరాలకు అంకెలు పెట్టడం మానేయ్. మూడక్షరాలు వెనక్కి జరిపే పద్ధతి ఇంగ్లిష్‌కు కుదిరినట్టు మనకు కుదరదు, గుణింతాలూ ఒత్తులూ అడ్డొస్తాయి. మన అక్షరాలు వర్గాలుగా ఉన్నాయి కాబట్టి వర్గం జరుపు. క వర్గం చ వర్గానికి, చ ట కు, ట త కు, త ప కు, ప మళ్లీ క కు. గుణింతం ఎక్కడిదక్కడే, య నుంచి హ దాకా కదపొద్దు. గుడి అని రాయాలంటే జుది అవుతుంది. పడవ కదవ అవుతుంది. నోటితో పలకొచ్చు, పలికితే నవ్వొస్తుంది, రెండో తరగతి పిల్ల కూడా వేళ్ల మీద విప్పగలదు.

కానీ నీ కథకు ఇంతకంటే మంచిది నీ ఇంట్లోనే ఉంది, దాని సంగతి కొంచెం వివరంగా చెప్తాను. నీ మనవరాలు ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో ఒడియా చదువుతుంది. తెలుగు అక్షరాలు రావు. రాయగడ, గుణుపురం, బరంపురం, జయపురం, ఎక్కడ చూసినా మన పిల్లలు చాలామంది ఇంతే. తాతగారు చీటీలను తెలుగు మాటలతో, ఒడియా అక్షరాలతో రాశాడనుకో. పక్కింటి ఒడియా స్నేహితురాలు గడగడా చదివేస్తుంది, ఒక్క ముక్క అర్థం కాదు. పాతపట్నం నుంచి సెలవులకు వచ్చిన మేనత్త కొడుక్కి మాట అర్థమవుతుంది, చీటీ చేతికిస్తే తెల్లమొహం వేస్తాడు. తెలుగు చదవడం రాదని వాడు ఎగతాళి చేసిన ఆ పిల్ల ఒక్కతే చదివి అర్థం చెప్పగలదు. ఎవరికీ కోడ్ అనిపించదు, పైగా మనవరాలి కోసమే రాసినట్టుంటుంది.

ఇప్పుడు దీంట్లోనే ఒక మెలిక చూడు. ఒడియాలో ఎ, ఏ లకు వేరువేరు అక్షరాలు లేవు, ఒ, ఓ లకూ లేవు. మెడ అని రాసినా మేడ అని రాసినా అక్కడ ఒకేలా ఉంటుంది. చీటీలో ‘మేడలో ఉంది’ అని చదువుకుని మనవరాలు మేడ మీదికి పరిగెడుతుంది. పాత సామానంతా తిరగేస్తుంది, ఏమీ ఉండదు. నీరసపడి కూర్చుంటే, ఎగతాళి చేసిన ఆ బావే, తెలుగులో ఎ కు ఒక గుర్తు, ఏ కు ఇంకొకటి అని నేల మీద రాసి చూపిస్తాడు. చీటీ మళ్లీ చదువుతుంది. మెడలో ఉంది. ఎవరి మెడలో? నాయనమ్మ మెడలో నల్లతాడుకు చిన్న తాళంచెవి వేలాడుతోంది. మొదటి ఎపిసోడ్‌లో ఆవిడ వంగి చద్దన్నం వడ్డిస్తున్నప్పుడు ఆ తాడు చీర మడతలోంచి బయటికి జారుతుంది, ఆవిడ చేత్తో లోపలికి నెట్టుకుంటుంది. క్షణం పాటు చూపించు చాలు. దాని మీదికి కెమెరా తీసుకెళ్లొద్దు, సంగీతం మోగించొద్దు. పిల్లల దృష్టి ఆ సమయంలో కంచంలోని ఉల్లిపాయ కోసం జరిగే గొడవ మీద ఉండాలి. జవాబు తెలిశాక వెనక్కి వెళ్లి చూసుకునే పిల్లకు ఆ తాడు కనిపించాలి. అప్పుడా పిల్లకు నీ మీద కోపం రాదు, తను చూడలేదే అనుకుంటుంది.

మూడో ఎపిసోడ్‌లో మన కొండల్లోని సవర గిరిజనుల ఇంటిగోడ బొమ్మను నిధికి దారి చూపే పటంగా వాడావు. అది తీసేయ్. దీని మీద నేను వెనక్కి తగ్గను. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ ఇడితాల్‌లో సన్నటి మనుషులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు ఉంటారు, చుట్టూ చట్రం ఉంటుంది. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట చేతికొచ్చినప్పుడో, పోయిన పెద్దల కోసమో, దేవతల కోసమో వేస్తారు. వేయించుకున్న ఇంటివాళ్లకు అందులో ప్రతి బొమ్మ ఎందుకుందో తెలుసు. దాన్ని మన కథలో దొంగలు విప్పే చిక్కుముడిగా మారిస్తే, ఆ ఇంటి పిల్ల టీవీలో ఏం చూసుకుంటుంది? గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఏళ్ల తరబడి కూర్చుని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ బొమ్మలు కథలో కావాలంటే ముందు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చో, వాళ్లు ఏది చూపించొచ్చంటారో అదే చూపించు.

పెద్దవాళ్ల కోసం డైలాగుల్లో రెండర్థాల మాటలు దూర్చావు, అవీ వద్దు. పిల్లల సినిమాల్లో దొంగచాటుగా ఏదో దాచారని తల్లిదండ్రులు భయపడటం ఊరికే రాలేదు. డిస్నీవాళ్లు 1977లో తీసిన ది రెస్క్యూయర్స్‌లో, కిటికీ వెనక రెండే రెండు ఫ్రేముల్లో నగ్నచిత్రం ఉందని తేలి, 1999లో 34 లక్షల వీడియో క్యాసెట్లు వెనక్కి రప్పించుకున్నారు. ఆ క్షణాన్ని మామూలుగా చూస్తే కంటికి ఆనదు. అయినా ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. దాచినదాన్ని ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు బయటికి తీస్తారు, నువ్వు దాచేదే అందుకు. తీసినప్పుడు అమ్మ దగ్గరికి పరిగెత్తి చూపించుకోగలిగేది దాచు.

సంతకం దాచుకోవచ్చా అని అడిగావు. నిరభ్యంతరంగా దాచుకో. ఆటారి అనే వీడియోగేముల కంపెనీ తన ఆటలు చేసేవాళ్ల పేర్లు బయటికి రానివ్వని రోజుల్లో వారెన్ రాబినెట్ అనే ఆయన అడ్వెంచర్ అనే ఆటలో ఒక రహస్య గది కట్టి, తన పేరు అక్కడ రాసుకున్నాడు. ఆ గదికి దారి, నేల రంగులోనే కలిసిపోయిన ఒక్క చుక్క. నువ్వు ట్రంకుపెట్టె మీద స్టేషన్ల చీటీలు అంటించినట్టు చూపిస్తున్నావు కదా, వాటిల్లో ఒకదాని మీద ఉంచు.

ముందు మొదటి ఎపిసోడ్‌లో చద్దన్నం సీను తిరగరాయి. చీటీల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఆ సీను మీ వీధిలో ఒడియా చదివే పిల్లలకూ, పాతపట్నం వైపు చుట్టాల పిల్లలకూ విడివిడిగా వినిపించి, వాళ్లు ఎక్కడ ప్రశ్న అడిగారో మార్జిన్‌లో గుర్తు పెట్టు. ఎవరైనా మొదటిసారే తాడు గురించి అడిగితే, ఉల్లిపాయ గొడవ ఇంకా పెంచాలన్నమాట. ఆ గుర్తులున్న కాగితాలే పంపు, సాపు రాయొద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు