డ్రై ఐస్: కనిపించే పొగ, కనిపించని వాయువు

ప్రశ్న: ఇటీవల మా బంధువుల పెళ్లి రిసెప్షన్‌లో వధూవరులు నడిచి వస్తుండగా వేదిక మీదంతా తెల్లటి పొగ పరుచుకుంది. డ్రై ఐస్ వేశారని చెప్పారు. చిన్నపిల్లలు ఆ పొగలోనే కూర్చుని ఆడుకున్నారు. అసలు డ్రై ఐస్ అంటే ఏమిటి? ఇంకా దేనికి వాడతారు? దానివల్ల ప్రమాదం ఉందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: డ్రై ఐస్‌లో నీరు ఉండదు. మనం ఊపిరితో బయటికి వదిలే, గోళీసోడాలో బుడగలుగా పైకి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వాయువే గడ్డకట్టి ఘనరూపంలో ఉంటే దానిని డ్రై ఐస్ అంటారు. సాధారణ వాతావరణ పీడనంలో ఇది మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ వద్ద, పళ్లెంలో విడిచిపెట్టిన కర్పూరం తడి మిగల్చకుండా తరిగిపోయినట్లు, ద్రవంగా మారకుండానే వాయువైపోతుంది. పాఠ్యపుస్తకాలలో ఉత్పతనం అని చదువుకునేది ఇదే.

ఫ్రాన్స్‌కు చెందిన తిలోరియే 1835లో దీనిని గుర్తించారు. ద్రవరూపంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడి నుంచి ఒక్కసారిగా వదిలితే, కొంత భాగం ఆవిరవుతూ మిగిలినదాని వేడిని లాగేసుకుంటుంది. ఆ మిగిలినది గడ్డకట్టి మెత్తటి తెల్లని పొడిగా రాలుతుంది. నేటికీ తయారీ పద్ధతి ఇదే. అమ్మోనియా కర్మాగారాలలోనూ డిస్టిలరీలలోనూ వెలువడే వాయువును శుద్ధిచేసి, ఇలా పొడిగా మార్చి, యంత్రాలతో నొక్కి దిమ్మలుగానో గుళికలుగానో చేస్తారు.

కిలో మంచుగడ్డ కరగడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటే, కిలో డ్రై ఐస్ వాయువుగా మారడానికి దాదాపు 570 కిలోజౌళ్లు తీసుకుంటుంది; పైగా సరుకును తడపదు. అందుకే ఐస్‌క్రీములు, గడ్డకట్టించిన చేపలు, ప్రయోగశాలల నమూనాలు దూరప్రాంతాలకు దీని మధ్య ప్రయాణిస్తాయి. మైనస్ 70 డిగ్రీల దగ్గర ఉంచవలసిన ఫైజర్ కోవిడ్ టీకాను దేశదేశాలకు చేర్చినది డ్రై ఐస్ నింపిన పెట్టెలే. యంత్రాల అచ్చులకు అంటిన మడ్డిని వదిలించడానికి దీని గుళికలను గాలి ఒత్తిడితో చిమ్ముతారు. గుళికలు వాయువైపోతాయి కనుక ఊడ్చవలసింది రాలిన మడ్డిని మాత్రమే.

ఇక మీరు చూసిన పొగ. డ్రమ్ములోని వేడినీటిలో డ్రై ఐస్ ముక్కలు వేసినప్పుడు ఆ చల్లదనానికి నీటి ఆవిరి సన్నని తుంపరలుగా మారుతుంది. కంటికి తెల్లగా కనిపించేది ఆ తుంపరలే. వాటివల్ల హాని లేదు. హాని చేయగలిగినది వాటితోపాటు వెలువడే కార్బన్ డయాక్సైడ్. దానికి రంగు లేదు, పొగ విడిపోయినా అది పోయిందని చెప్పలేము. గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది కాబట్టి నేలబారునే పరుచుకుంటుంది. పెద్దవాళ్లకు ఏమీ తెలియకపోయినా, కింద కూర్చున్న పసిపిల్లల ముక్కుకు అది ఎక్కువగా అందుతుంది. గాలి ధారాళంగా ఆడే చోట కొద్దిసేపు వాడితే భయపడనక్కరలేదు గానీ, తలుపులు మూసిన ఏసీ హాలులో పిల్లలను ఆ పొగలో కూర్చోనివ్వడం ఎంతమాత్రం తగదు.

లెక్క చూడండి: కిలో డ్రై ఐస్ నుంచి 500 లీటర్లకు పైగా వాయువు వస్తుంది. కారు లోపలి గాలి సుమారు 3,000 లీటర్లు అనుకుంటే, అద్దాలు మూసిన కారులో ఆ కిలో అంతా వాయువైతే స్పృహ తప్పించేంత మోతాదు పోగవుతుంది. కారులో తీసుకువెళ్లక తప్పకపోతే అద్దాలు దించే ఉంచాలి.

అంతకంటే ఘోరమైనది పొరపాటున మింగడం. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక రెస్టారెంటులో మౌత్ ఫ్రెషనర్ అనుకొని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవారు రక్తం కక్కుకొని ఆసుపత్రి పాలయ్యారు. పొగలు కక్కే పానీయాలు, బిస్కెట్లు పిల్లలకు ఇప్పించకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ముట్టుకోవలసివస్తే మందపాటి తొడుగులు వేసుకోవాలి. ఒట్టి చేతితో పట్టుకుంటే చర్మం కాలినట్లు బొబ్బలెక్కుతుంది. సీసాలోనో, బిగుతైన మూతగల డబ్బాలోనో వేస్తే పెరిగే ఒత్తిడికి అది పేలిపోతుంది. థర్మోకోల్ పెట్టెలో ఉంచి మూత వదులుగా పెట్టాలి. మిగిలినదానిని సింకులో పడవేయకుండా, పిల్లలకు అందని ఆరుబయట ఉంచితే దానంతట అదే పోతుంది.