మూడో తూటా ఎక్కడిది?

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ చేరింది. రెండుసార్లు చదివినాను, రెండోసారి పెన్సిలు చేతబట్టుకొని. పలమనేరు పక్కన చెనిక్కాయ చేను, మంచె, అడవిపందులు, కంటికి కునుకు లేని ముసలి రైతు. ఆయన సద్దిగిన్నె మూత తీసిన చప్పుడుకు చేలో పందులన్నీ ఒక్కసారిగా నమలడం ఆపేస్తాయని రాసినావే, ఆ వాక్యం దగ్గర నేనూ ఆగిపోయినాను. దాన్ని ముట్టుకోవద్దు.

ముట్టుకోవాల్సింది తుపాకిని. ఆయన చేతిలో ఆ టాక్టికల్ షాట్‌గన్ (పోలీసులూ సైనికులూ వాడే తరహా, ఒక్కో తూటాలో చిన్న గుండ్లు బోలెడు) ఉంచాలా, పాతకాలం జోడుగొట్టాల తుపాకి పెట్టాలా, ఏది మేలు అని అడిగినావు. అసలు దాన్ని కొన్నది ఆయనా, నువ్వా? నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, పిస్తోలు పిడి, ఎనిమిది తూటాలు, పద్దెనిమిదిన్నర అంగుళాల గొట్టం, దాని కింద లైటు. చూడబోతే వీడియోలు చూసి నువ్వే కొనిపెట్టినట్టుంది.

నా మాట వినేముందు నా చరిత్ర కూడా విను. ముప్పై ఏళ్ళ కిందట ఒక కథలో జోడుగొట్టాల తుపాకితో ఒక కామందు చేత వరసగా మూడుసార్లు కాల్పించినాను. నడుమ ఎక్కడా తూటాలు మార్చలేదు. చంద్రగిరి నుంచి ఒక రిటైరైన హవల్దారు కార్డు రాసినాడు, ఒకే ఒక్క లైను: "సామీ, మూడో తూటా యాడ్నించి వచ్చె?" ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ కథను మాత్రం ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

ఆ సిగ్గుతోనే తుపాకులను దగ్గరగా చూడాలని తిరిగినాను. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులను స్టేషన్లో అప్పజెప్పమంటారు కదా, అట్లాంటి ఒక పొద్దున చిత్తూరు దగ్గర ఒక స్టేషన్ ముందర వేపచెట్టు కింద ఒక పెద్దాయనతో మాటలు కలిపినాను. తుపాకిని పాత పంచెలో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఒళ్ళో పెట్టుకొని ఉన్నాడు. అడగ్గానే విప్పినాడు. పైనున్న మీటను బొటనవేలితో కుడికి తోస్తే గొట్టాలు రెండూ తల వంచినాయి. ఖాళీ అని ఆయన చెప్పనక్కరలేదు, పది అడుగుల దూరంలో టీ తాగుతున్న కానిస్టేబుల్‌కు కూడా కనిపిస్తుంది. గొట్టం కింది పిడిని వెనక్కీ ముందుకూ లాగి తూటా ఎక్కించే పంపు తుపాకితో, అంటే నీ టాక్టికల్ లాంటిదానితో, అట్లా కాదు, లోపల తూటా ఉందో లేదో పైకి తెలియదు. గొట్టాలను వెలుతురుకెత్తి "చూడు" అన్నాడు. రెండు గుండ్రటి వెలుగులు, కుట్టుమిషను నూనె వాసన. చెక్క మీద చెంప ఆనే చోట మాత్రం పాలిష్ పోయి నున్నగా నల్లబడింది. వాళ్ళ నాయన చెంప కూడా అక్కడే ఆనేదంట.

రెండు ట్రిగ్గర్లు ఎందుకని అడిగితే, ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి అన్నాడు. ఆయన తుపాకిలో కుడిదాని మూతి కాస్త వదులు, దగ్గరలోనే గుండ్లు విచ్చుకుంటాయి. ఎడమదాని మూతి బిగువు, చెదరనీకుండా దూరం పంపుతుంది. దగ్గరైతే ముందు ట్రిగ్గరు, దూరమైతే వెనకది. కన్ను పొడుచుకున్నా కనపడని చీకట్లో కూడా వేలికి తెలిసిపోయే ఎంపిక అది. పైగా రెండు గొట్టాలకూ తూటాను కొట్టి పేల్చే సుత్తులు వేరువేరు. ఒక తూటా తుస్సుమంటే రెండోది సిద్ధంగా ఉంటుంది, ఏదీ లాగాల్సిన పని లేదు.

అట్లాగని టాక్టికల్‌ను తీసిపారేయడం లేదు. ఆ పేరే కొత్త, వస్తువు పాతది. బ్రౌనింగ్ రూపొందించిన 1897 నాటి విన్‌చెస్టర్ పంపు తుపాకిని మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా వాళ్ళు గొట్టం కురచ చేసి, పైన చిల్లుల రేకు తొడిగి కందకాల్లోకి దింపినారు. 1918లో జర్మనీ దాని మీద నిరసన కూడా పంపింది. ఇక రెమింగ్టన్ 870 అనే పంపు తుపాకి అయితే 1950 నుంచి బాతుల వేటగాళ్ళ చేతుల్లో తిరిగిన సరుకు. పొడుగు గొట్టం తీసి కురచది బిగించి, చెక్క తీసి ప్లాస్టిక్ తొడిగితే అదే టాక్టికల్. కొండకు పోయి గుండు గీయించుకొని వచ్చిన మనిషిని వాకిట్లో చూసి గుర్తుపట్టం, నోరు తెరిస్తే పాత మనిషే.

ఇరుకింట్లో, మెట్ల మలుపులో కురచ గొట్టం నిజంగానే మేలు. 28 అంగుళాల గొట్టం ద్వారబంధానికి తగులుకుంటుంది. తూటాలు ఎక్కువ పడతాయి. లైటు తుపాకికే ఉంటే రెండు చేతులూ తుపాకి మీదే ఉంటాయి. పోలీసులూ సైనికులూ దాన్ని ఎంచుకోవడంలో తెలివితక్కువేమీ లేదు. నీది వాళ్ళ కథ అయ్యుంటే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు. కానీ నీ రైతు మంచె మీద ఉన్నాడు. అక్కడ ద్వారబంధం ఏది?

ఆ పద్దెనిమిదిన్నర అంగుళాల సంగతి. అమెరికాలో 1934 చట్టం 18 అంగుళాల కంటే కురచ షాట్‌గన్లను కట్టడి చేసింది, అందుకే అక్కడి తుపాకులు ఆ గీతకు చిటికెడు ఇవతల ఆగుతాయి. మన ఆయుధ నిబంధనల్లో ఆ గీత 20 అంగుళాలు. అంతకంటే కురచది మామూలు లైసెన్సుకు దొరకదు. అంటే నీ రైతు మొదటి పేజీలోనే నేరస్థుడు, ఆ సంగతి ఆయనకూ తెలియదు, నీకూ తెలియదు. పంపు తుపాకే కావాలంటే మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు చేసిన 12 బోర్ పంపు ఉంది, అది ఇవ్వు. (12 బోర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నోరు వెళ్ళబెట్టకు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను, అంతే.) దొంగ తుపాకే కావాలంటే మన అడవి ఊళ్ళలో నాటు తుపాకి ఉండనే ఉంది, కానీ అప్పుడది వేరే కథ.

ఇంకో తప్పు. నీ రైతు కోపమొచ్చినప్పుడల్లా పంపును 'చక్ చక్' మని లాగుతాడు. మూడుసార్లు లాగించినావు, ఆ నడుమ ఒక్కసారీ కాల్చలేదు. మొదటిసారి తూటా గొట్టంలోకి పోతుంది. ఆ తర్వాత లాక్ మీట నొక్కితే గానీ పంపు కదలదు, నొక్కి లాగితే రెండోసారీ మూడోసారీ కాల్చని తూటాలు బయటికెగిరి చేలో పడతాయి. ఎనిమిదిలో రెండు చెనిక్కాయల పాలు. సినిమావాళ్ళు పట్టించుకోరు, నా హవల్దారు పట్టించుకుంటాడు. భయంతో ఉన్న చేయి పంపును పూర్తిగా వెనక్కి లాగదు, సగంలో తిప్పేస్తుంది, తూటా ఇరుక్కుంటుంది. నిజంగా పంపు తుపాకే రాయాలనుకుంటే ఆ ఇరుక్కోవడం రాయి. భుజానికి ఆనే చెక్క లేని ఒట్టి పిస్తోలు పిడి అయితే పేలినప్పటి వెనుకతన్ను మొత్తం మణికట్టు మీద పడుతుంది. డెబ్బై ఏళ్ళ మణికట్టు అది.

గుండు తగిలిన మనిషి గాల్లోకెగిరి గోడకు కొట్టుకున్నాడని పదకొండో పేజీలో ఉంది. కొట్టేసినాను. అంత తోపు ఉంటే కాల్చినవాడు కూడా వెనక్కి ఎగరాలి. పది గజాల దూరంలో గుండ్లు సినిమాల్లో చూపినంత విచ్చుకోవు, కాబట్టి గురి చూడకుండా కాల్చినా తగులుతుందన్నది కూడా కుదరదు.

నీ రైతుకు నిజంగా కావాల్సింది ఏమిటి? పందిని చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, అనుమతి లేకుండా కుదరదు. కౌండిన్య అడవి దాటి ఏనుగు వస్తే షాట్‌గన్ దానికి దోమకాటు. ఆయన ఆకాశంలోకి పేల్చాలి, అంటే ఆయనకు కావాల్సింది చప్పుడు. తూటాలు ఊరికే రావు, లైసెన్సు మీద లెక్క ఉంటుంది. రాత్రికి రెండే. మొదటిది పేల్చగానే పందులు పారిపోయి, పావుగంటకు తిరిగొస్తాయి. రెండోది ఎప్పుడు? తెల్లారడానికి ఇంకా మూడు గంటలుంది. ఎనిమిది తూటాలున్నవాడికి ఈ ప్రశ్నే రాదు, ఈ ప్రశ్న లేకపోతే నీ దగ్గర కథే లేదు. నేనైతే జోడుగొట్టాలదే పెడతాను.

కానీ నీ లైటును మాత్రం వదలడానికి మనసు రావడం లేదు. తుపాకికి లైటు బిగిస్తే, ఏది చూడాలన్నా దాని మీదికి గొట్టం తిప్పాల్సిందే. చేలో ఆకు కదిలింది. ఆయన తిప్పినాడు. వెలుగులో నిలబడింది పంది కాదు, మోటారు వేయడానికి వచ్చిన పక్క కయ్య రైతు, చేతిలో చెప్పులు. వేలు ఎక్కడుంది? ఈ ఒక్క ఘట్టం కోసం టాక్టికల్ ఉంచుతానంటే నేను కాదనను. అయినా జోడుగొట్టాలదానికి సైకిల్ ట్యూబుతో టార్చి కట్టుకునే ముసలాయన నాకు ఇంకా బాగా కనిపిస్తున్నాడు.

మీ తాతకు తుపాకి ఉండేదని ఉత్తరం చివర్న రెండు మాటల్లో దాటేసినావు. ఆదివారం వచ్చేటప్పుడు మీ నాయనను అడిగి రా. మీ తాత ముందు ఏ గొట్టం పేల్చేవాడంట, కుడిదా, ఎడమదా? కాల్చిన తూటా డొల్లలు ఎక్కడ దాచేవాడంట? చెనిక్కాయలు పచ్చివే తీసుకురా, ఇక్కడ ఉడకబెట్టుకుందాం.

ఇట్లు,
మీ సార్