ఇస్తుందా, ఇవ్వాలా? కాంట్రాక్టు వాక్యంలో క్రియ

సందేహం: నేను అనంతపురంలో ఉంటూ బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. ఆదివారాలు ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలకు ఏపీఐ కాంట్రాక్ట్ టెస్టింగ్, అంటే యాప్ అడిగేదానికీ సర్వర్ ఇచ్చేదానికీ మధ్య కుదిరిన ఒప్పందాన్ని సరిచూడటం, నేర్పుతున్నాను. కర్నూలు, ఆదోని మార్కెట్ యార్డుల ధరలు చూపే చిన్న సాధన యాప్ ఒకటి అనుకొని, ఏ రిక్వెస్ట్‌కు ఏ రెస్పాన్స్ వస్తుందో ముందు తెలుగులో రాయిస్తాను. 'ఉల్లి ధర అడిగితే సర్వర్ 200 ఇస్తుంది' (200 అంటే అంతా సవ్యమని చెప్పే కోడ్) అని ఒకరు రాస్తే, 'ఇవ్వాలి' అని ఒకరు, 'ఇవ్వవలెను' అని ఒకరు, 'ఇవ్వబడుతుంది' అని ఇంకొకరు రాస్తారు. ఏది ఒప్పు? 'ధర ఉంటే' అనాలా, 'ధర ఉన్నప్పుడు' అనాలా? చివరిగా, మా పిల్లలు కొందరు 'ఇస్తాది' అనే రాస్తారు. దిద్దమంటారా?

సమాధానం: మీరు చెప్పిన రూపాలన్నీ తెలుగే, వ్యాకరణం వాటిలో దేన్నీ కొట్టేయదు. అయితే మీరు రాయిస్తున్నది తర్వాత యంత్రం సరిచూసే వాక్యం. క్రియ మారితే అక్కడ వాక్యం చేసే పనే మారిపోతుంది. నా ఓటు 'ఇస్తుంది'కి.

ఎందుకో చెబుతాను. 'సర్వరు 200 ఇవ్వాలి' అని రాశారనుకోండి. పరీక్ష నడిపితే 500, అంటే సర్వరులోనే లోపమని చెప్పే కోడు, వచ్చింది. మీ వాక్యం అబద్ధమైందా? కాలేదు. ఇవ్వాల్సిన మాట నిజమే, ఇవ్వని మాటా నిజమే. విధి చెప్పే వాక్యానికి అబద్ధమయ్యే గుణం లేదు, ఎవరు మీరినా అది చెక్కుచెదరదు. 'సర్వరు 200 ఇస్తుంది' అన్నారనుకోండి, 500 రాగానే ఆ వాక్యం అబద్ధమైపోతుంది. పరీక్షకు కావలసింది అబద్ధమయ్యే వీలున్న వాక్యమే. కాంట్రాక్టు పరీక్ష చేసే పని కూడా ఇదే: యాపు వైపు రాసుకున్న రిక్వెస్టును నిజమైన సర్వరుకు పంపి, వచ్చిన జవాబుతో మీ వాక్యం నిలిచిందా లేదా అని చూస్తుంది.

చిన్నయ సూరి సంప్రదాయంలో కాలాలు నాలుగు: వండుచున్నాడు, వండెను, వండగలడు, వండును. ఈ నాలుగోది తద్ధర్మం. ఇది ఒక రోజు జరిగిన పనిని చెప్పదు, ఆ కర్త స్వభావాన్ని చెబుతుంది. నేటి వాడుకలో భవిష్యత్తూ తద్ధర్మమూ ఒకే రూపంలో కలిసిపోయాయి. 'బస్సు రేపు వస్తుంది', 'బస్సు రోజూ వస్తుంది' రెంటికీ క్రియ ఒకటే. మామూలు రాతలో ఇది కొంచెం ఇబ్బందే గానీ కాంట్రాక్టులో కలిసొస్తుంది. 'ఇస్తుంది' అంటే సర్వరు స్వభావమూ తెలిసింది, ఇకముందు కూడా ఇస్తుందన్న మాటా దక్కింది.

ఒప్పందానికి తద్ధర్మం వాడటం మన సీమకు కొత్త కాదు. కడప జిల్లా ఎర్రగుడిపాడులో దొరికిన రేనాటి చోళుల నాటి శాసనం తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. అదొక దానపత్రం. ఎవరు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో, ఎవరు సాక్షులో చెప్పి, చివర దీనికి వక్రం వచ్చినవాడు (అడ్డుపడినవాడు) పంచమహాపాతకుడు 'అగు' అని ముగుస్తుంది. అక్కడ ఉన్నది 'అగు', తద్ధర్మం. 'కావలెను' అనలేదు. మీరితే ఏమవుతుందో శాపనార్థంగా కాక, జరిగి తీరే సంగతిగా చెప్పారు.

ఇక మీ వాక్యం నిర్మాణానికి వస్తాను. అసలు సరుకు అక్కడ ఉంది. కాంట్రాక్టులో ఒక్కో ఇంటరాక్షనుకు, అంటే ఒక్కో ప్రశ్న-జవాబు జతకు, మూడు భాగాలుంటాయని మీకు తెలుసు: సర్వరు అప్పుడున్న స్థితి, వెళ్లే రిక్వెస్టు, వచ్చే రెస్పాన్సు. 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన ప్యాక్ట్ అనే పరికరంలోనూ ఈ మూడింటికీ వేర్వేరు చోట్లున్నాయి. తెలుగులో ఈ మూడూ ఒకే వాక్యంలో, మూడు క్రియల్లో, వాటంతట అవే కుదురుకుంటాయి:

'కర్నూలు యార్డులో ఉల్లి ధర నమోదై ఉండగా, యాపు /ధరలు/కర్నూలు/ఉల్లి అనే చిరునామాకు గెట్ రిక్వెస్టు పంపితే, సర్వరు 200 కోడుతో ధరను జేసన్ రూపంలో ఇస్తుంది.'

(గెట్ అంటే సమాచారం ఇవ్వమని అడిగే రిక్వెస్టు, జేసన్ అంటే సమాచారాన్ని పేరూ విలువా జతలుగా రాసే పద్ధతి.) ఉండగా, పంపితే, ఇస్తుంది. మొదటి రెండూ అసమాపకాలు, చివరిది సమాపకం. స్థితికి 'ఉంటే' వద్దంటాను. 'ఉంటే' అనగానే ఉండకపోవచ్చు అనే అనుమానం తోడొస్తుంది. పరీక్షలో ఆ స్థితి అనుమానం కాదు, మీరే ముందుగా డేటాబేసులో ధర నమోదు చేసి ఏర్పాటు చేసే పరిస్థితి. 'ఉన్నప్పుడు' తప్పు కాదు, కానీ అది కాలం మీద దృష్టి పెడుతుంది. 'ఉండగా' అన్నది ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకొని ముందుకు నడుస్తుంది. రిక్వెస్టుకు మాత్రం చేదర్థకం, అంటే '-తే' రూపమే సరి. రిక్వెస్టు వస్తేనే రెస్పాన్సు, వెబ్ సంభాషణ పద్ధతి అయిన హెచ్‌టీటీపీలో సర్వరు అడగకుండా జవాబు మొదలుపెట్టదు.

'-తే'తో ఒక చిక్కుంది. 'నిన్న పంపితే 500 ఇచ్చింది' అన్నప్పుడు అందులో షరతేమీ లేదు, జరిగిన కథ ఉంది. అదే '-తే' చివర తద్ధర్మం రాగానే నియమమవుతుంది, భూతకాలం రాగానే నివేదిక అవుతుంది. కాబట్టి కాంట్రాక్టులో 'పంపితే ఇస్తుంది', పరీక్ష తప్పినప్పటి నివేదికలో 'పంపితే ఇవ్వలేదు'. ఈ రెండు కాగితాలనూ పిల్లలు కలిపేయకుండా చూడండి.

నిజంగా దిద్దాల్సిన తప్పు ఒకటుంది. మీ లేఖలో లేదు గానీ ఇలాంటి రాతల్లో తరచూ కనిపిస్తుంది: 'యాపు రిక్వెస్టు పంపి సర్వరు జవాబిస్తుంది.' క్త్వార్థకానికి, అంటే 'పంపి' లాంటి రూపానికి, చివరి క్రియకూ కర్త ఒక్కరే కావాలి. పంపేది యాపు, ఇచ్చేది సర్వరు. ఇద్దరు కర్తల మధ్య సాగే సంభాషణకు 'పంపి' పనికిరాదు.

'-ఆలి'ని పూర్తిగా తరిమేయమని నా ఉద్దేశం కాదు. ప్రమాణ పత్రాలు అందరికీ వర్తించే విధులు, అక్కడ దాని చోటు దానిది. హెచ్‌టీటీపీ అర్థాలను చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 9110 లాంటి పత్రాల్లో 'మస్ట్', 'షుడ్', 'మే' అనే మాటలకు ఎంతెంత బరువో 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 నిర్ణయించింది. తెలుగులో మొదటి రెండూ '-ఆలి'లోనే పడతాయి, అందుకని మొదటిదానికి 'తప్పనిసరిగా' చేర్చక తప్పదు. వ్యతిరేకంలో మాత్రం మన భాష చురుకైనది: 'ఇవ్వకూడదు' వేరు, 'ఇవ్వనక్కర్లేదు' వేరు, 'ఇవ్వదు' వేరు. మీ కాంట్రాక్టు విధి కాదు, ఇద్దరి మధ్య కుదిరిన ఉదాహరణల పట్టిక. యాపు బృందం సర్వరు బృందంతో కూర్చుని మాట్లాడేటప్పుడు 'మాకు ధర క్వింటాలుకు ఇవ్వాలి' అంటుంది. వాళ్లు సరేనన్నాక కాగితం మీదికి 'ఇస్తుంది' అనే ఎక్కాలి.

కాంట్రాక్టులో నేను అసలు ఒప్పుకోనిది '-వచ్చు'. 'రెస్పాన్సులో నిన్నటి ధర కూడా రావచ్చు' అంటే, వచ్చే అవకాశం ఉందనా, వచ్చినా మాకు అభ్యంతరం లేదనా? తెలుగులో ఒకే రూపం రెండు అర్థాలూ మోస్తుంది, ఏ అర్థం తీసుకున్నా పరీక్షకు దొరకదు. వచ్చినా ఒప్పే, రాకున్నా ఒప్పే అయితే ఇక సరిచూసేదేముంది? ప్యాక్ట్ కూడా ఐచ్ఛికమైన ఫీల్డు (వచ్చినా రాకున్నా సరే అనే సమాచారపు గడి) అనే ఏర్పాటు కావాలనే పెట్టలేదు. నిన్నటి ధర ఉండగా ఒక ఇంటరాక్షను, లేనప్పుడు ఇంకొకటి, విడివిడిగా రాయమంటుంది.

'-వచ్చు' స్థానంలో చాలాచోట్ల మీకు కావలసింది అప్యర్థకం, '-ఇనా' రూపం. 'రెస్పాన్సులో మేం అడగని ఫీల్డు ఇంకొకటి వచ్చినా పరీక్ష విఫలం కాదు.' ప్యాక్ట్ పద్ధతి ఇదే: రెస్పాన్సు బాడీలో అదనంగా వచ్చినవాటిని పట్టించుకోదు, రిక్వెస్టు బాడీలో మాత్రం చెప్పనిది ఒక్కటి ఎక్కువైనా ఒప్పుకోదు. అలాగే పుట్ రిక్వెస్టు (ఉన్నదాని చోట కొత్తది పెట్టమనేది) గుణాన్ని చెప్పడానికి 'ఎన్నిసార్లు పంపినా సర్వరులో ఫలితం ఒక్కటే' కంటే పొట్టి వాక్యం నాకు తోచలేదు. 401కీ 403కీ రెంటికీ 'అనుమతి లేదు' అని రాసేస్తుంటారు. 401 అంటే అడిగినవారెవరో సర్వరుకు రుజువు కాలేదు. 403 అంటే ఎవరో తెలిసినా ఒప్పుకోదు. ఆ 'తెలిసినా'లోనే తేడా అంతా ఉంది.

మీరు అడగకపోయినా 'లేదు' గురించి నాలుగు మాటలు చెప్పాలి. మీ యాపుకు ఇది తగిలి తీరుతుంది. ఆదివారం యార్డు సెలవనుకోండి. పిల్లలు 'ధర లేదు' అని రాస్తారు. రెస్పాన్సులో ధర అనే ఫీల్డే రాదా? ఫీల్డు వచ్చి అందులో నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) ఉంటుందా? ఖాళీ కొటేషను గుర్తులుంటాయా? లేక 0 వస్తుందా? 0 అయితే అది ధర లేకపోవడం కాదు, ఉల్లి ఊరికే ఇచ్చినట్టు! జేసన్‌లో ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు, తెలుగు 'లేదు' నాలుగింటినీ ఒకే మూటలో కట్టేస్తుంది. కాబట్టి 'లేదు' మానేసి, ఉన్న సంగతిని ఉన్నట్టు క్రియతో చెప్పించండి: 'ధర ఫీల్డు రాదు', 'ధర ఫీల్డు వస్తుంది, అందులో నల్ ఉంటుంది'. జాబితాల విషయంలోనూ ఇదే గొడవ. ఆదోనిలో ఆ రోజు పత్తి లాట్లు లేవంటే, 200 కోడుతో ఖాళీ జాబితా వస్తుందా, 404 వస్తుందా? మొదటిది 'జాబితా ఉంది, అందులో ఏమీ లేదు', రెండోది 'అడిగినదే లేదు'. రెండు బృందాలు గంటలకొద్దీ వాదించుకునే చోటు ఇది, వాక్యం సరిగ్గా రాసుంటే వాదనే ఉండదు.

'లాంటి' అనే మాటను కూడా కనిపెట్టండి. '1850 అనే ధర' అంటే అచ్చంగా 1850. '1850 లాంటి ధర' అంటే దేనిలో లాంటిది? సంఖ్య కావడంలోనా, నాలుగంకెలు కావడంలోనా? ధరలు రోజూ మారతాయి గనుక అచ్చంగా అదే అంకె కోరితే పరీక్ష రేపటికే తప్పుతుంది. 'ధర పూర్ణాంకం, ఉదాహరణకు 1850' అని రకాన్ని ముందు చెప్పి ఉదాహరణను తర్వాత ఇస్తే సరి.

మిగిలినవి తొందరగా. 'ఇవ్వవలెను'లో దోషం లేదు, నోటీసు బోర్డు వాసన ఉంది, అంతే. 'ఇవ్వబడుతుంది' అంటే ఇచ్చేదెవరో దాగిపోతుంది. ఎవరిది బాధ్యతో తేల్చడానికే పుట్టిన కాగితంలో కర్తను దాచడం దేనికి?

'ఇస్తాది' సంగతి. అది మన సీమ మాట, దాన్ని తప్పని దిద్దితే నేను మా ఇంట్లోవాళ్లను కూడా దిద్దాల్సి వస్తుంది. తరగతిలో మాట్లాడుకునేటప్పుడు హాయిగా ఉండనివ్వండి. ఫైలులో స్థితుల పేర్లు రాసే చోట మాత్రం ఏదో ఒక్క రూపమే వాడించండి, అది 'ఇస్తాది' అయినా నాకు సమ్మతమే. కారణం భాషాభిమానం కాదు. సర్వరు వైపు ఆ స్థితిని ఏర్పాటు చేసే కోడు, స్థితి పేరును అక్షరం అక్షరం పోల్చి వెతుకుతుంది. ఒకచోట 'ఉల్లి ధర ఉండాది', ఇంకోచోట 'ఉల్లి ధర ఉంది' అని ఉంటే యంత్రానికి అవి రెండు స్థితులు. కంటికి కనిపించని తేడా ఇంకోటుంది. 'సర్వర్' అని హలంతంగా, అంటే చివర పొల్లుతో, రాస్తే కొన్ని కీబోర్డులు పదం చివర, అక్షరాలు కలవకుండా ఆపే ఒక కనిపించని గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, పోల్చి చూస్తే ఒకటి కావు. నేను ఈ జవాబంతా సర్వరు, రిక్వెస్టు, కోడు అని అచ్చుతో ముగించి రాయడానికి తెలుగు పదస్వభావం ఒక కారణం. మీ పిల్లల స్థితి పేర్లకు ఈ గుర్తు బెడద తప్పడం రెండో కారణం.