కొన్న పడవపై పాత నెంబరు చెరిపి కొత్తది రాయవచ్చా? – సమాధానం

విశాఖలో మీరు కొన్న ఫైబర్ పడవపై పాత యజమాని నెంబరు ఉందని, దానిని చెరిపి కొత్త నెంబరు వేయించవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఐఎన్‌డీ–ఏపీ–వీ5 అంటూ మొదలయ్యే ఆ సంఖ్య పడవకు చెందినదే తప్ప మనిషికి చెందినది కాదు. అందులో దేశం, రాష్ట్రం, రిజిస్టరైన కేంద్రం వరుసగా ఉండగా, ఆ తరువాత వచ్చే ఎంఎం అక్షరాలు మెకనైజ్డ్ బోటును (మరపడవను), ఎంఓ అక్షరాలు మోటారు అమర్చిన పడవను సూచిస్తాయి. యజమాని మారినప్పుడు మారవలసింది రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరే. అందుకు అమ్మకపు పత్రంతోను, పాత సర్టిఫికెట్‌తోను మత్స్యశాఖకు దరఖాస్తు చేయాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే రియల్‌క్రాఫ్ట్ పోర్టల్ (పడవల రిజిస్ట్రేషన్, లైసెన్సుల వెబ్‌సైటు) ఇందుకోసమే ఉంది.

రిజిస్ట్రేషన్ ఉంటే చాలునని చాలామంది పొరబడతారు. రాష్ట్ర సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం, 1994 ప్రకారం వేట లైసెన్సు వేరుగా తీసుకోవాలి. ఇంజన్ మార్చినట్లయితే అదీ మత్స్యశాఖకు తెలియజేయండి.

నెంబరు వెలిసిపోయి ఉంటే అవే అక్షరాలను, అవే అంకెలను అణియానికి (పడవ ముందు భాగానికి) రెండు వైపులా దూరానికి కనిపించేలా తిరిగి దిద్దించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక, పడవ ఎలాగూ ఒడ్డునే ఉండే ఆ 61 రోజులు రంగులకూ కాగితాలకూ అనువైనవి.