జీతం పోస్టుకి, డిగ్రీకి కాదు

"అక్కా, నేను మాస్టర్స్ మొదటి సెమిస్టర్. డైనింగ్ హాల్లో గంటకు 12 డాలర్లకు చేరాను. పక్క అపార్ట్‌మెంట్ కుర్రాడు ఇంకా బ్యాచిలర్స్ రెండో ఏడాదే, వాడికి ఐటీ హెల్ప్ డెస్క్‌లో 15 ఇస్తున్నారు. నాకు మూడేళ్ల ఉద్యోగానుభవం కూడా ఉంది. ఇది అన్యాయం కాదా? మేనేజర్ని అడుగుదామంటే ఏమనుకుంటాడోనని టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ సరిగ్గా ఇలాగే లెక్కలు వేసుకున్నాను. అమెరికా యూనివర్సిటీల్లో గంటల లెక్కన ఇచ్చే క్యాంపస్ జాబ్‌లకు జీతం మనిషిని చూసి పెట్టరు, పోస్టుని చూసి పెడతారు. నువ్వు చదివేది మాస్టర్సా, బ్యాచిలర్సా అన్నది చాలా చోట్ల ఆ లెక్కలోకే రాదు. ఆ పోస్టుకి ఫలానా అనుభవం కావాలని ముందే రాసి ఉంటే తప్ప, నీ మూడేళ్ల అనుభవం కూడా రాదు.

నేను చేసిన మొదటి పని లైబ్రరీలో. తిరిగొచ్చిన పుస్తకాలను ట్రాలీలో పెట్టుకుని, పుస్తకం వీపు మీద అంటించిన నంబర్ల వరసలో అరల్లో సర్దడం. అది లెవెల్ 1, అంటే జీతాల మెట్లలో అన్నిటికంటే కిందిది. రెండో సెమిస్టర్లో నాకు రాత్రి షిఫ్టు ఇచ్చారు. పదకొండున్నరకి అంతస్తు అంతస్తూ తిరిగి, నిద్రపోతున్న వాళ్లని లేపి పంపించి, వెనక తలుపు తాళం వేసి, అలారం పెట్టి వెళ్లాలి. తాళాల గుత్తి చేతికి వచ్చింది గానీ జీతం మాత్రం మారలేదు. రెండు నెలలు అలాగే చేశాను. ఒక సీనియర్ చూసి, "బిల్డింగ్ మూసే బాధ్యత లెవెల్ 2 కదా, అడగలేదా?" అంది. నేను చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసి సూపర్‌వైజర్‌కి ఇచ్చాను. ఆవిడ ఏమీ అనుకోలేదు సరికదా, ఆ వారమే లెవెల్ మార్చే ఫారం పంపింది. తర్వాతి పే పీరియడ్ నుంచి రేటు మారింది. అప్పటికే చేసేసిన రెండు నెలలకు మాత్రం ఏమీ రాలేదు. అందుకే, పని మారిన రోజే అడగమని ఇప్పుడు అందరికీ చెబుతుంటాను.

చాలా ఏళ్ల తర్వాత నేనే ఒక డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని స్టూడెంట్ పోస్టుల వివరణలు రాయాల్సి వచ్చింది. అప్పుడు అవతలి వైపు నుంచి చూశాను. స్టూడెంట్ ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుకి పంపే ఫారంలో అభ్యర్థి గురించి దాదాపు ఏమీ ఉండదు. అన్నీ పని గురించిన ప్రశ్నలే. చేరేముందే ఏమైనా వచ్చి ఉండాలా, లేక రెండు రోజుల్లో నేర్పించవచ్చా? పక్కన ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండి చూసుకుంటారా, లేక తనంతట తానే నిర్ణయాలు తీసుకోవాలా? డబ్బులు లెక్కపెట్టాలా? విద్యార్థుల రికార్డుల లాంటి రహస్య సమాచారం ముట్టుకోవాలా? మిగతా విద్యార్థులకు పని నేర్పించాలా, వాళ్ల షిఫ్టులు వేయాలా? పొరపాటు జరిగితే నష్టం ఎంత? ఈ జవాబులను బట్టి పోస్టు ఏ లెవెల్లో పడుతుందో తేలుతుంది. పేర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కొందరు స్టూడెంట్ అసిస్టెంట్ 1, 2, 3 అంటారు, కొందరు ఏ, బీ, సీ అంటారు. మూడు మెట్లున్న చోట్లూ ఉన్నాయి, ఐదున్న చోట్లూ ఉన్నాయి.

ప్రతి లెవెల్‌కీ ఇంత నుంచి ఇంత వరకు అని ఒక హద్దు ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లను మామూలుగా కింది అంచునే పెడతారు. కొన్ని యూనివర్సిటీల్లో ఏడాది పూర్తయితేనో, ఇన్ని గంటలు చేస్తేనో కొన్ని సెంట్లు పెరుగుతాయి. ఆ హద్దు దాటి ఇవ్వాలంటే మీ మేనేజర్‌కి పై ఆఫీసు అనుమతి కావాలి. కాబట్టి "నేను మాస్టర్స్ చదువుతున్నాను, జీతం పెంచండి" అంటే ఆయన చేతిలో ఏమీ లేదు. "నేను ఇప్పుడు చేస్తున్న పనులు ఇవి. ఇవి పై లెవెల్ వివరణకు సరిపోతాయేమో చూస్తారా?" అంటే ఆయన చేయగలిగింది ఉంది. ఇలా అడగడం ఇక్కడ తప్పు కాదు, మర్యాద తక్కువా కాదు. చాలా యూనివర్సిటీలు లెవెల్స్ పట్టికను తమ వెబ్‌సైట్‌లోనే పెడతాయి. అది చదివి వెళ్తే సగం భయం పోతుంది.

ఇక మెట్లన్నిటికీ అడుగున ఉండేది కనీస వేతన చట్టం. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై నుంచి అది మారలేదు. టెక్సాస్‌లో రాష్ట్ర కనీస వేతనం కూడా అంతే. అదే మాసాచుసెట్స్‌లో 2023 నుంచి 15 డాలర్లు, ఇల్లినాయిలో 2025 జనవరి నుంచి 15. టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఉన్న నీ స్నేహితుడి జీతంతోనో, ఇల్లినాయిలోని షికాగోలో ఉన్న మీ కజిన్ జీతంతోనో పోల్చుకుని బాధపడకు. ఆ రెండు ఊళ్లలో కింది మెట్టే వేరు.

దీంట్లో ఒక చిక్కు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. కనీస వేతనం పెరిగినప్పుడు లెవెల్ 1 జీతం దానికంటే తక్కువ ఉంటే చట్టం వల్ల తప్పనిసరిగా పెరుగుతుంది. లెవెల్ 2, 3 పెంచాలంటే మాత్రం యూనివర్సిటీ వేరే డబ్బు వెతుక్కోవాలి. అది ఆలస్యమైతే గిన్నెలు కడిగేవాళ్లకీ, వాళ్లకు షిఫ్టులు వేసేవాళ్లకీ మధ్య తేడా గంటకు పావు డాలరు, అర డాలరు మిగులుతుంది. నా మాట అడిగితే, ఆ అర డాలరు కోసం కాకపోయినా పై లెవెల్ పని తీసుకో. షిఫ్ట్ లీడ్‌గా పది మందిని నడిపించానని రెజ్యూమేలో రాసుకోవచ్చు. ఇంటర్వ్యూలో అది మాట్లాడుతుంది.

ఇంకో సందేహం కూడా చాలామంది అడుగుతుంటారు. కొన్ని ప్రకటనల్లో "వర్క్ స్టడీ వాళ్లకు మాత్రమే" అని ఉంటుంది. అది ఫెడరల్ ఆర్థిక సహాయ పథకం. మామూలుగా ఆ విద్యార్థుల జీతంలో 75 శాతం దాకా ప్రభుత్వమే భరిస్తుంది, అందుకే డిపార్ట్‌మెంట్లు వాళ్లను ఇష్టపడతాయి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లకు అందులో అర్హత లేదు. నిన్ను చూసి వద్దన్నారని మనసు పాడు చేసుకోకు, ఆ మాట లేని పోస్టులకే అప్లై చేయి.

టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లు ఈ మెట్ల లెక్కలోకి రావు. అక్కడ గంటల రేటు కాదు, సెమిస్టర్‌కి స్టైపెండ్. చాలా చోట్ల దాంతోపాటు ట్యూషన్ ఫీజు మాఫీ కూడా వస్తుంది. అసలు విలువ ఆ మాఫీదే. ఆ అంకెలను గ్రాడ్యుయేట్ స్కూలు, డిపార్ట్‌మెంట్, ప్రొఫెసర్ గ్రాంటు, కొన్నిచోట్ల యూనియన్ ఒప్పందం నిర్ణయిస్తాయి. 2022 చివర్లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఇలాంటి అసిస్టెంట్లు వారాల తరబడి సమ్మె చేశాకే స్టైపెండ్లు బాగా పెరిగాయి. నీ మూడేళ్ల అనుభవం పనికొచ్చే చోటు ఇదే. మీ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లకు ఇప్పటి నుంచే మెయిల్స్ పెట్టడం మొదలుపెట్టు.

పే స్టబ్ (జీతం చీటీ) వచ్చాక ఒక్క నిమిషం కూర్చుని చదువు. గంటకు 12 చొప్పున, వారానికి 20 గంటలు, రెండు వారాలకు 480 డాలర్లు. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లలో సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ పథకం పన్ను) 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల వైద్య పథకం పన్ను) 1.45 శాతం మామూలుగా నీ జీతంలో కోయకూడదు. పొరపాటున కోస్తే ఆ 480లో 36 డాలర్ల పైనే పోతుంది. పేరోల్ ఆఫీసుకి వెళ్లి నీ వీసా హోదా చూపించు, సరిచేస్తారు. ఫెడరల్ ఆదాయపు పన్ను కోత మాత్రం వేరే విషయం, అది ఉండొచ్చు.

ఎఫ్-1 వాళ్లకు ఉన్న వారానికి 20 గంటల హద్దు అన్ని క్యాంపస్ జాబ్‌లకూ కలిపి, జాబ్‌కి 20 కాదు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు జీతం చాలట్లేదని రెండో పని పట్టి 25 గంటలు చేసినా, బయట చేతికి డబ్బిచ్చే చోట చేరినా వీసాకే ముప్పు. నాకు తెలిసిన పిల్లలు దీనివల్ల ఏడ్చారు తమ్ముడూ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రేపు డ్యూటీకి వెళ్లేముందు నీ ఆఫర్ లెటర్ తీసి చూడు. పోస్టు పేరు పక్కన ఒక అంకో, అక్షరమో ఉండొచ్చు. అదేంటో, నువ్వు రోజూ అక్కడ నిజంగా చేస్తున్న పనులేంటో నాకు రాయి. మేనేజర్‌కి ఇవ్వాల్సిన కాగితం ఇద్దరం కలిసి తయారుచేద్దాం.