మార్కెట్ రిస్కు పేజీని ఎలా చదవాలి?

ప్రశ్న: స్టెంట్లు, కేథటర్లు తయారుచేసే ఒక అమెరికా కంపెనీ వార్షిక నివేదిక 10-కె చూశాను. ఐటమ్ 7ఎలో మార్కెట్ రిస్కు గురించి రెండే పేరాలున్నాయి. వడ్డీ ఒక శాతం మారినా చెప్పుకోదగ్గ తేడా రాదట. విదేశీ కరెన్సీలు డాలరుతో పోలిస్తే 10 శాతం పడితే అమ్మకాలు 60 లక్షల డాలర్లు తగ్గుతాయట. 20 కోట్ల డాలర్ల అమ్మకాలున్న కంపెనీకి ఇదొక లెక్కా?

జవాబు: వడ్డీ గురించి రాసింది, చేతిలో ఉన్న డబ్బు వరకు నమ్మవచ్చు. దాన్ని ట్రెజరీ బిల్లుల్లో (ప్రభుత్వ స్వల్పకాలిక అప్పుపత్రాలు), కమర్షియల్ పేపర్‌లో (కంపెనీల స్వల్పకాలిక అప్పుపత్రాలు), తక్కువ గడువు బాండ్లలో పెడతారు. 10 కోట్ల డాలర్లు సగటున 9 నెలల గడువుతో ఉంటే, రేటు ఒక శాతం పెరిగినప్పుడు విలువ సుమారు 7.5 లక్షలు పడుతుంది. గడువు తీరేదాకా ఉంచుకుంటే ఆ నష్టమూ చేతికి రాదు. చూడాల్సింది అప్పును. సోఫర్ రేటుకు (అమెరికాలో ఒక్క రాత్రి అప్పులకు పలికే వడ్డీ, మార్కెట్‌తో పాటు మారుతుంది) ముడిపడిన 6 కోట్ల టర్మ్ లోన్ ఉంటే ప్రతి ఒక్క శాతానికీ ఏడాదికి 6 లక్షలు అదనం. 2022 మార్చి నుంచి 2023 జులై వరకు అమెరికా ఫెడరల్ రిజర్వ్ రేట్లను మొత్తం 5.25 శాతం పెంచింది. అదే అప్పు మీద ఇది ఏటా 31.5 లక్షల భారం.

కరెన్సీ సంగతికొస్తే, 60 లక్షలంటే 20 కోట్లలో 3 శాతమే కదా అని పేజీ తిప్పేస్తాం. ఆ అంకె వెనక యూరోల్లో వచ్చే 6 కోట్ల డాలర్ల అమ్మకాలున్నాయనుకోండి. యూరప్‌లోని సేల్స్ సిబ్బంది జీతాలు, గోదాము ఖర్చులు కూడా యూరోల్లోనే కాబట్టి, అవి 2.5 కోట్లయితే 25 లక్షలు కలిసొస్తాయి. ఫ్యాక్టరీ, పరిశోధన, క్లినికల్ ట్రయల్స్ ఖర్చు డాలర్లలోనే ఉంటే అక్కడ తగ్గేదేమీ లేదు. మిగిలిన 35 లక్షలు నేరుగా నిర్వహణ లాభంలోంచి పోతాయి. ఆ లాభం 1.4 కోట్లయితే నాలుగో వంతు ఎగిరిపోయినట్టే. ప్రాంతాలవారీ అమ్మకాలు ఆర్థిక నివేదికల నోట్స్‌లో దొరుకుతాయి. ఖర్చులు ఏ కరెన్సీలో ఉన్నాయో చాలా కంపెనీలు విడదీసి చెప్పవు. అదే 10-కె ఐటమ్ 2లో ఫ్యాక్టరీలు ఎక్కడున్నాయో చూసి అంచనా కట్టుకోవాలి.

'డిస్ట్రిబ్యూటర్లకు డాలర్లలోనే బిల్లు వేస్తాం, అందుకే రిస్కు తక్కువ' అని రాసి ఉంటే మాత్రం తల ఊపేయకండి. అవతలి దేశపు కరెన్సీ పడితే అదే స్టెంటు డిస్ట్రిబ్యూటర్‌కు ఖరీదవుతుంది. ఆసుపత్రి టెండరులో ధర ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి పెంచుకోలేడు. ముందు స్టాకు తగ్గించుకుంటాడు, తర్వాత డిస్కౌంటు అడుగుతాడు, ఆపైన బిల్లులు ఆలస్యం చేస్తాడు. ఇవేవీ 10 శాతం లెక్కలోకి రావు. కస్టమర్ల నుంచి రావలసిన బాకీలను ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే ఎన్ని రోజులకు డబ్బు వస్తోందో తెలుస్తుంది. ఏడాదిలో ఆ సంఖ్య 60 నుంచి 85కి పెరిగితే కారణం వెతకాలి. ప్రభుత్వ ఆసుపత్రులైతే మరీ జాగ్రత్త. 2010లో గ్రీస్ ప్రభుత్వం ఆసుపత్రుల పాత బాకీలను వడ్డీ లేని బాండ్లు చేతికిచ్చి తీర్చింది. 2012లో గ్రీస్ తన పాత బాండ్లను తక్కువ విలువగల కొత్తవాటితో మార్చినప్పుడు వాటికీ కోత పడింది.

ప్రశ్న: ఫార్వర్డ్ కాంట్రాక్టులతో (ముందు తేదీకి మారకపు రేటును ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందాలు) హెడ్జింగ్, అంటే నష్టం నుంచి రక్షణ, చేశామని రాశారు. ఇక కరెన్సీ భయం లేనట్టేనా?

జవాబు: దేనికి హెడ్జ్ చేశారో చూడండి. చాలా కంపెనీలు ఇప్పటికే బిల్లు వేసిన బాకీలకే చేస్తాయి, నెలనెలా కాంట్రాక్టును తిరగరాస్తాయి. వచ్చే ఏడాది అమ్మకాలకు దానితో రక్షణ లేదు. ఇంకో రకం, రాబోయే అమ్మకాల అంచనాకు ముందుగా చేసేది. దాని లాభనష్టాలు ఆ అమ్మకం జరిగేదాకా సొంత నిధుల్లో (వాటాదారుల ఈక్విటీలో) విడిగా ఉండి, తర్వాతే ఆదాయ ఖాతాకు వస్తాయి. యూరో పడి అక్కడే ఉండిపోతే ఈ హెడ్జ్ దెబ్బను కొన్ని నెలలు వాయిదా వేస్తుంది, అంతే.

చిక్కు అంచనా తప్పినప్పుడు వస్తుంది. 2020 వసంతంలో కోవిడ్ వల్ల అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. అమ్మకం జరగదని తేలితే, పక్కన పెట్టిన మొత్తం అదే త్రైమాసికంలో లాభనష్టాల్లోకి రావాలి. అందుకే కంపెనీలో డబ్బు వ్యవహారాలు చూసే జాగ్రత్తగల ట్రెజరీ విభాగం అంచనాలో కొంత భాగానికే, దగ్గరి నెలలకు ఎక్కువ, దూరపు నెలలకు తక్కువ చొప్పున హెడ్జ్ చేస్తుంది.

ప్రశ్న: మరో చిన్న పరికరాల కంపెనీ 7ఎ దగ్గర 'వర్తించదు' అని ఒక్క మాట రాసింది. రిస్కు లేదనా?

జవాబు: కాదు. బయటి మదుపరుల చేతిలోని షేర్ల విలువ 25 కోట్ల డాలర్ల లోపున్న కంపెనీలను చిన్న కంపెనీలుగా లెక్కించి, ఈ వివరాల నుంచి మినహాయించారు. అక్కడ అప్పుల నోటు, కరెన్సీ లాభనష్టాల నోటు మీరే తెరిచి పై లెక్కలు వేసుకోవాలి.