వయసు మీద పడ్డాక గొంతు ఎందుకు సన్నబడుతుంది? నా అనుభవం

డెబ్బై దాటాక మీ నాన్నగారి గొంతు సన్నబడి గాలి గాలిగా వస్తోందని, లోపల అసలు ఏం మారిందో, మళ్ళీ బాగవుతుందో లేదో చెప్పమని అడిగారు. నాకిప్పుడు 68. ముప్పై ఏళ్ళు క్లాసుల్లో పాఠాలు చెప్పిన గొంతు నాది. రిటైరైన మూడేళ్ళకే ఫోన్లో కొత్తవాళ్ళు నన్ను ఆడమనిషి అనుకుని "చెప్పండమ్మా" అనడం మొదలుపెట్టారు, చాలా బాధేసింది. వయసుతో మగవాళ్ళ శ్రుతి కాస్త పైకి పోతుందని, ముట్లు ఆగాక ఆడవాళ్ళది కిందికి దిగుతుందని అప్పటికి నాకు తెలియదు.

మొదట చూపించుకున్న డాక్టరు గొంతులోకి చూడకుండానే "వయసండీ, అంతే" అని పంపేశారు. ఏడాది తర్వాత ఇంకొకరు స్ట్రోబోస్కోపీ (గొంతులోకి కెమెరా పెట్టి, మెరిసే లైటుతో తంతువుల కదలిక చూసే పరీక్ష) చేసి స్క్రీన్ మీద చూపించారు. మాట్లాడేటప్పుడు రెండు స్వరతంతువులూ పూర్తిగా కలుసుకోవాలి కదా, నావి కలవడం లేదు, అంచులు విల్లులా వంగి మధ్యలో సందు మిగిలిపోతోంది, గాలంతా అందులోంచే పోతోంది. నాలుగు మాటలకే ఆయాసం ఎందుకో అప్పుడు అర్థమైంది.

తంతువు అంటాం గానీ అది తీగ కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. పైన పల్చటి పొర, దాని కింద జెల్లీలా మెత్తటి పొర, ఆ కింద సాగే ఎలాస్టిన్, గట్టి కొల్లాజెన్ పోగులు, అడుగున కండరం. ఈ పొరల గురించి వివరంగా చెప్పింది జపాన్ డాక్టర్ మినోరు హిరానో, 1970ల్లో. మగవాళ్ళలో సెకనుకి వందకు పైగా, ఆడవాళ్ళలో రెండొందల దాకా అలలా కదిలేది ఆ పైపొరలే. జెల్లీ పొరకి ఆ మెత్తదనం ఇచ్చేది నీటిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం, దాన్ని తయారుచేసేవి ఫైబ్రోబ్లాస్ట్ కణాలు. వయసుతో ఈ కణాలు మందగిస్తాయి, హయలురోనిక్ ఆమ్లం తగ్గుతుంది, ఎలాస్టిన్ సాగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం కోల్పోతుంది.

కొల్లాజెన్ మాత్రం పెరుగుతుంది. అంటే శరీరం ఎక్కువగా తయారుచేస్తోందనుకున్నాను నేను, కాదట. ముసలి ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కొల్లాజెన్ తయారీ కూడా తగ్గినట్టే కనిపించింది, కాకపోతే పాతదాన్ని కరిగించి తీసేసే ఎంజైములు కూడా తగ్గిపోయాయి. కొత్త సామాను కొనకపోయినా పాతది బయటికి పోకపోతే ఇల్లు నిండిపోతుంది కదా, అలాగన్నమాట. పైగా ఏళ్ళ తరబడి చక్కెర అణువులు అతుక్కుని ఆ పోగుల్ని ఒకదానికొకటి ముడివేస్తాయి, పొర బిరుసెక్కుతుంది. అడుగున కండరం కూడా సన్నబడుతుంది.

ఇక బాగవడం సంగతి. ముందు నేను చేసిన తప్పు చెప్తాను: వినపడడం లేదని గొంతు నొక్కి గట్టిగా మాట్లాడేవాణ్ణి, సాయంత్రానికి మెడంతా నొప్పి. స్పీచ్ థెరపిస్ట్ అది మాన్పించి, ఊపిరి నిండా తీసుకుని ఒకే స్వరం వీలైనంతసేపు పట్టడం, శ్రుతిని కిందనుంచి పైకి మెల్లగా జార్చడం, స్ట్రాలోంచి హమ్ చేయడం నేర్పారు. రోజుకి రెండుసార్లు, వదలకుండా. రెండు నెలలకి తేడా తెలిసింది. పోయిన జెల్లీ పొర వ్యాయామంతో తిరిగి రాదు, కానీ కండరం, ఊపిరి ఏ వయసులోనైనా సాధనకి లొంగుతాయి. అదీ చాలకపోతే తంతువులోకి హయలురోనిక్ ఆమ్లం జెల్ ఎక్కించి సందు తగ్గిస్తారు, కొన్ని నెలల్లో కరిగిపోతుంది గనక మళ్ళీ అవసరం పడొచ్చు. శాశ్వతంగా కావాలంటే తంతువుల్ని పక్కనుంచి లోపలికి నెట్టి దగ్గర చేసే థైరోప్లాస్టీ ఆపరేషన్ ఉంది. ఫైబ్రోబ్లాస్టులని మళ్ళీ పనిలో పెట్టే గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్లని జపాన్‌లో రోగుల మీద వాడి చూశారు కూడా.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నాను, వయసేలే అని ఇంట్లో మీరే తేల్చేయకండి. బొంగురు నాలుగు వారాలు దాటినా, మింగడం కష్టమైనా, రక్తం పడినా, పొగ తాగే అలవాటున్నా వెంటనే ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో చూడాల్సిందే. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) కూడా కొందరిలో ముందు గొంతు నీరసపడడంతోనే బయటపడుతుంది.

ఇంకో మాట, మీ అమ్మగారికి చెవులు ఎలా వినపడుతున్నాయో కూడా పరీక్ష చేయించండి. మా ఆవిడకి వినికిడి తగ్గిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అన్నాళ్ళూ నేను ఇంట్లో రోజంతా అరుస్తూనే ఉన్నాను. ఆవిడ హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న వారానికే నా మెడనొప్పి తగ్గింది.